ఆవిడ ఫైలు వేరు, మీ ఫైలు వేరు

నమస్కారమండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ఆవిడకు ప్యాంక్రియాస్ క్యాన్సర్ వచ్చింది. బయటపడేసరికే కాలేయానికి పాకింది. 14 నెలలు మీరొక్కరే చూసుకున్నారు. ఆవిడ పోయి ఏడు నెలలైంది. ఇప్పుడు మీకు పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయి మూడు వారాలైంది. రెండు లింఫ్ గ్రంథుల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయి కాబట్టి మూడో స్టేజి అన్నారు, కీమో తీసుకోమన్నారు. రాసిచ్చిన కాగితంలో ఆక్సాలిప్లాటిన్ పేరు కనబడేసరికి, అదే మందు ఎక్కించుకుని ఆవిడ పడ్డ బాధంతా మీ కళ్ళముందు తిరిగింది. "ఈ దారి చివర ఏముందో నాకు తెలుసు, మళ్ళీ ఎందుకు నడవాలి? నేను ఆమెకు చేసినట్టు నాకు చేసేదెవరు? అమ్మాయికి ఇంకా చెప్పలేదు" అన్నారు. ఆవిడ ఉండగానే మీకు రక్తం పడుతుంటే పైల్స్ అనుకుని వదిలేశానని కూడా రాశారు. చివర్లో ఒక్క మాట రాసి ఆపేశారు, రిపోర్ట్ విన్నప్పుడు భయం కన్నా ముందు ఏదో నిశ్చింతలాంటిది కలిగిందని.

నేను క్యాన్సర్ వార్డులో ఇరవై మూడేళ్ళు నర్సుగా చేశాను. తర్వాత మావారికి మోటార్ న్యూరాన్ జబ్బు (నరాలు దెబ్బతిని కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే జబ్బు) వస్తే మూడేళ్ళు ఇంట్లోనే చూసుకున్నాను. ఆయన పోయిన పదకొండో నెలలో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఇప్పటికి ఆరేళ్ళైంది. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నదాన్ని, మంచం మీద పడుకున్నదాన్ని కూడా. డాక్టర్‌ని కాను కాబట్టి మీ చికిత్స విషయంలో ఆఖరి మాట మీ ఆంకాలజిస్ట్‌దే, అంటే మీ క్యాన్సర్ డాక్టర్‌దే. ఆయన్ని ఏమేం అడగాలో మాత్రం చెప్పగలను.

"నాకు తెలుసు" అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. మీకు తెలిసింది ఆవిడ జబ్బు. రాత్రీ పగలూ కళ్ళారా చూసి తెలుసుకున్నారు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ క్యాన్సర్ అంటే ఒక్క జబ్బు కాదండీ, వందకు పైగా జబ్బులకు కలిపి పెట్టిన ఒక పేరు. ఆవిడది వాటిలో ఒకటి, మీది ఇంకొకటి. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నదీ కాదు. ఆవిడ ఫైలులో చదివింది మీ ఫైలులోకి ఎత్తి రాసుకోకండి.

మందు పేరు ఒకటే, నిజమే. ఆవిడకు బహుశా నాలుగు మందులు కలిపి ఇచ్చి ఉంటారు, అందులో ఆక్సాలిప్లాటిన్ ఒకటి. జబ్బు కాలేయానికి పాకాక ఆ మందులకు అప్పగించిన పని ఏమిటంటే, దాన్ని వీలైనంత కాలం అదుపులో పెట్టడం. 2011లో వచ్చిన పరిశోధనలో, పాకిపోయిన ప్యాంక్రియాస్ క్యాన్సర్‌కు ఆ నాలుగు మందులూ తీసుకున్నవాళ్ళలో సగం మంది 11 నెలలు దాటి బతికారు. పాత మందు ఒక్కటే తీసుకున్నవాళ్ళలో సగం మంది ఏడు నెలల లోపే పోయారు. మీ ఆవిడ 14 నెలలు ఉన్నారు. ఆ కష్టమంతా వృథా అయిందని మీరు అనుకుంటున్నారేమో, నాకలా కనబడట్లేదు. నయం చేయలేని జబ్బు మీద ఆ మందు చేయగలిగింది చేసింది, మీరూ చేయగలిగింది చేశారు.

మీ విషయంలో కంటికీ స్కాన్‌కీ కనిపించిన గడ్డను సర్జన్ తీసేశారు. ఇప్పుడు కీమో ఎందుకంటే, కనిపించకుండా ఎక్కడైనా నాలుగు కణాలు మిగిలి ఉంటే వాటిని చంపడానికి. ఆవిడకు రోజులు పెంచడానికి ఇచ్చారు, మీకు నయం చేయడానికి ఇస్తున్నారు. మీలాంటి మూడో స్టేజి పెద్దపేగు క్యాన్సర్‌లో నూరు మందిని తీసుకుంటే, సుమారు సగం మందికి ఆపరేషన్‌తోనే నయమైపోతుంది. కీమో వల్ల ఇంకో పదిహేను, ఇరవై మంది దాకా బయటపడతారు. మిగిలినవాళ్ళకు కీమో ఇచ్చినా తిరగబెడుతుంది. ఆ ముక్క మీ దగ్గర దాచను, ఎందుకంటే మీరు ఇన్ని చూశాక తీపి మాటలు చెబితే నమ్మరు, నమ్మకూడదు కూడా. చిక్కేమిటంటే, ఈ మూడు గుంపుల్లో ఎవరు ఎందులో ఉన్నారో ముందుగా ఖాయంగా చెప్పే పరీక్ష లేదు. అందుకే అందరికీ తీసుకోమని చెబుతారు.

ఇంకో తేడా ఉంది, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది. ఆవిడ కీమోకు ముగింపు తేదీ లేదు. పని చేసినన్నాళ్ళు ఇస్తారు, పని చేయనప్పుడు ఆపుతారు. ఆ ఆపిన రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మీ కీమోకు ముగింపు తేదీ ఉంటుంది. మొదటి రోజే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవచ్చు. ఒకప్పుడు ఆరు నెలలు ఇచ్చేవారు. 2018లో పన్నెండు వేలకు పైగా రోగులను కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. గడ్డ పేగు గోడను మరీ దాటిపోకుండా, లింఫ్ గ్రంథుల్లో ఒకటి నుంచి మూడింటికే పాకి ఉంటే, ఆక్సాలిప్లాటిన్ డ్రిప్పూ కేపెసిటబిన్ మాత్రలూ కలిపి మూడు నెలలు ఇచ్చినా ఇంచుమించు అంతే ఫలితం ఉందనీ, నరాల దెబ్బ బాగా తగ్గిందనీ అందులో తేలింది. మీకు రెండు గ్రంథులే అన్నారు. టీ అంటే గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు వెళ్ళిందో, ఎన్ అంటే ఎన్ని లింఫ్ గ్రంథులకు పాకిందో చెప్పే గుర్తులు. కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు "ఆపరేషన్‌లో తీసిన గడ్డ బయాప్సీ రిపోర్ట్‌లో టీ ఎంత, ఎన్ ఎంత? నాకు మూడు నెలలు సరిపోతుందా?" అని సూటిగా అడగండి. టీ4 అయితే, అంటే గడ్డ పేగు గోడను పూర్తిగా దాటి ఉంటే, ఆరు నెలలే చెప్పవచ్చు. అయినా కారణం తెలుస్తుంది.

అదే రోజు ఇంకో మాట అడగండి. కేపెసిటబిన్‌నూ, దాని కుటుంబానికే చెందిన 5-ఎఫ్‌యూనూ ఒంట్లో విరిచే డీపీడీ అనే ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. అలాంటివాళ్ళకు మామూలు మోతాదే ప్రాణం మీదకు తెస్తుంది. మొదలుపెట్టే ముందే రక్త పరీక్షతో కనిపెట్టవచ్చు. 2020 నుంచి ఐరోపా మందుల సంస్థ ఈ పరీక్ష చేయమని చెబుతోంది, అన్ని చోట్లా తమంత తాము చేయరు. అడిగితే చేస్తారు. ఆవిడకు మందు పడింది కదా నాకూ పడుతుందనుకోకండి, ఎవరి ఎంజైములు వారివి.

ఆపరేషన్ తర్వాత ఎనిమిది వారాల లోపు కీమో మొదలుపెట్టడం మంచిదంటారు. అంటే మీకు ఆలోచించుకోవడానికి టైముంది. ఇంకో డాక్టర్‌ని అడగాలనుకుంటే ఆ టైమూ ఉంది. రేపే తేల్చేయాలన్న టెన్షన్ అక్కర్లేదు, అలాగని తేల్చకుండా నాన్చే వీలూ లేదు.

ఆక్సాలిప్లాటిన్ ఏం చేస్తుందో మీరు పక్కనుంచి చూశారు, లోపలనుంచి ఎలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. మందు ఎక్కిన తర్వాత కొన్ని రోజులు చల్లటిది ఏది ముట్టుకున్నా వేళ్ళలో షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. చల్లటి నీళ్ళు తాగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆగినట్టు అనిపిస్తుంది. చాలామంది అక్కడే హడలిపోతారు. చలి వల్ల నరాలు చేసే అల్లరి అది, గోరువెచ్చటి నీళ్ళు తాగితే సర్దుకుంటుంది. ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టకండి, చల్లటి గాలిలోకి వెళ్ళాల్సి వస్తే మూతికీ ముక్కుకీ గుడ్డ కట్టుకోండి. అయితే ఊపిరాడకపోవడంతో పాటు దద్దుర్లో, వాపో, గుండె దడో ఉంటే అది అలర్జీ కావచ్చు, వెంటనే నర్సును పిలవాలి.

వేళ్ళలో, అరికాళ్ళలో తిమ్మిరి విషయం వేరు. అది సైకిల్ సైకిల్‌కూ (ఒక్కో విడత కీమోను సైకిల్ అంటారు) పోగుపడుతుంది, మందు ఆపాక కూడా కొన్ని నెలలు పెరిగి ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. ప్రతి సైకిల్ ముందూ చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నానా, కాళ్ళకు నేల తెలుస్తోందా అని చూసుకుని, ఉన్నది ఉన్నట్టు డాక్టర్‌కి చెప్పండి. ఇన్నాళ్ళూ రోగిని చూసుకున్నవాళ్ళు తమ బాధ చెప్పరు. "ఆమె పడ్డదానితో పోలిస్తే ఇదెంత" అనుకుంటారు. మీరు చెప్పకపోతే మోతాదు తగ్గించాలని డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది? తగ్గించినా, ఆక్సాలిప్లాటిన్ ఒక్కటి ముందే ఆపి మాత్రలు కొనసాగించినా అది ఓటమి కాదు, రోజూ జరిగే సర్దుబాటే.

ఇక మీరు సగంలో ఆపేసిన మాట. ఆ నిశ్చింత గురించి.

అది మీ ఒక్కరికే కలిగింది కాదు. వార్డులో భార్యను పోగొట్టుకున్నవాళ్ళు, భర్తను పోగొట్టుకున్నవాళ్ళు ఇదే మాట తలుపు దగ్గర నిలబడి, వెళ్ళిపోతూ, గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు. నాకూ కలిగింది. బయాప్సీ రిపోర్ట్ చేతిలో పెట్టుకుని "సరే, ఇక చాలు" అనుకున్నాను. ఆ తర్వాత మూడు రోజులు ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాను. ఒంటరిగా అలిసిపోయిన మనిషికి విశ్రాంతి కావాలనిపిస్తుంది. ఏడు నెలలుగా లేని మనిషి దగ్గరకు వెళ్ళాలనిపిస్తుంది. మనసు ఆ రెండింటినీ కలిపేసి "చాలు" అంటుంది. విశ్రాంతి ఈ లోకంలోనే దొరుకుతుంది, దానికి దారులున్నాయి. ఆ మాట విన్నంత మాత్రాన చికిత్స వద్దనుకోవడం, తొందరలో సంతకం పెట్టడం లాంటిది.

ఇక్కడ మిమ్మల్ని సూటిగా ఒకటి అడగాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అని ఆలోచించారా? అవునైతే ఇది చదవడం ఆపి, ఇప్పుడే ఒక మనిషికి ఫోన్ చేయండి. మీ అమ్మాయికి గానీ, డాక్టర్‌కి గానీ, మీ దేశంలోని ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కి గానీ. ఈ రాత్రి ఒక్కరే ఉండకండి. కాదు, అంత దూరం పోలేదు అంటే, అప్పుడు కూడా ఈ మాట ఆంకాలజిస్ట్‌తో అనండి. "బతకాలన్న ఆశ పెద్దగా లేదు" అని ఈ పదాలతోనే చెప్పండి. అది చికిత్సకు సంబంధించిన సమాచారమే. డిప్రెషన్‌కు క్యాన్సర్ చికిత్సతో పాటే మందులు ఇస్తారు, మాట్లాడే కౌన్సెలర్ దగ్గరకు పంపుతారు. డిప్రెషన్ ఉన్నప్పుడు కీమో వద్దనడం, బాగా ఆలోచించి కీమో వద్దనడం, ఈ రెండూ ఒకటి కావు. అన్నీ తెలుసుకుని, మనసు కుదుటపడ్డాక కూడా వద్దంటే అది మీ హక్కు, నేను వాదించను.

ఇల్లు ఒకసారి చూసుకోండి. ఆవిడ మందులు ఇంకా ఉన్నాయి కదా? నాకు తెలుసు, అవి పారేయడానికి చెయ్యి రాదు. కానీ మిగిలిన మార్ఫిన్, నొప్పి ప్యాచ్‌లు, నిద్ర మాత్రలు ఈ వారమే ఫార్మసీకో ఆస్పత్రికో తిరిగి ఇచ్చేయండి. మీరు వెళ్ళలేకపోతే ఎవరినైనా పంపండి. ఈ స్థితిలో అవి ఇంట్లో ఉండకూడదు. వాంతుల మాత్రలు మిగిలాయి కదా అని అవీ వాడుకోవద్దు. మీ మందులు, మీ మోతాదులు, మీ ఫైలు.

ఆవిడ కోసం ఏడవడం ఇంకా పూర్తి కాకముందే మీకు జబ్బొచ్చింది. ఇది చాలా అన్యాయమైన విషయం. అందరూ ఇప్పుడు మీ రిపోర్టుల గురించే అడుగుతారు, ఆవిడ పేరు ఎత్తడం మానేస్తారు. మీరూ "ముందు ఇది చూసుకుందాం, ఆ దుఃఖం తర్వాత" అనుకుంటారు. దుఃఖం అలా క్యూలో నిలబడదండీ. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన విషయం నాకు చాలా పనికొచ్చింది. దగ్గరివాళ్ళను పోగొట్టుకున్న మనిషి పోయినవాళ్ళ వైపు కాసేపు, బతుకు పనుల వైపు కాసేపు అటూ ఇటూ ఊగుతుంటాడనీ, ఆ ఊగడమే ఆరోగ్యమనీ అన్నారు. ఒక పూట ఆవిడ చీర పట్టుకుని కూర్చుని, రెండో పూట బీమా కాగితాలు నింపితే మీలో ఏదో తేడా ఉందని కాదు. పూర్తిగా ఒక్క వైపే ఇరుక్కుపోయి, నెలలు గడిచినా రోజువారీ పనులు చేసుకోలేకపోతుంటే అప్పుడు దుఃఖానికే విడిగా సాయం అడగాలి.

శరీరం కూడా మర్చిపోదు. మావారిని రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదాన్ని. ఆయన పోయిన ఏడాది తర్వాత, నా ఆపరేషన్ అయిన రాత్రి, సరిగ్గా రెండింటికి మెలకువ వచ్చి లేవబోయాను. కుట్లు లాగాయి. పక్కన ఎవరూ లేరు. తిప్పాల్సిన మనిషి లేడని ఆ క్షణంలో నాకు అంతకుముందు ఎప్పుడూ తెలియనంతగా తెలిసింది. మీకు కూడా ఆవిడ మార్ఫిన్ టైముకు మెలకువ వస్తుందేమో. వస్తే, పిచ్చి పడుతోందని కంగారు పడకండి. దీపం వేసుకుని కాసేపు కూర్చోండి, నిద్ర వచ్చినప్పుడే పడుకోండి. కొన్ని వారాలైనా నిద్ర కుదరకపోతే డాక్టర్‌కి చెప్పండి, నిద్ర అలవాట్లను సరిచేసే చికిత్సలున్నాయి, అన్నిటికీ మాత్ర అక్కర్లేదు.

ఆవిడకు కీమో ఇచ్చిన హాల్లోనే మీకూ ఇస్తారా? ఇచ్చేదైతే, ముందొక రోజు వెళ్ళి ఆ హాలు చూసి రండి. ఆవిడ కూర్చున్న కుర్చీ ఇవ్వొద్దని, వేరే మూల ఇవ్వమని నర్సును అడగండి. నర్సులకు ఇది చిన్న పని. నాకు ఇలా అడిగినవాళ్ళు గుర్తున్నారు, ఒక్కరినీ కాదనలేదు.

పైల్స్ అనుకుని వదిలేసిన సంగతికి వస్తాను. మావారు ఉండగానే నా రొమ్ములో గడ్డ తగిలింది, చాలా నెలలకు గానీ చూపించుకోలేదు. క్యాన్సర్ నర్సును, నేనే అలా చేశాను. మావారిని వదిలి రెండు గంటలు బయటకు వెళ్ళడం కుదరలేదు, కుదిరినప్పుడు నిద్రపోయాను. 1999లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం ఉంది. జబ్బు మనిషైన భర్తనో భార్యనో చూసుకుంటూ ఒత్తిడితో నలిగిపోతున్న పెద్దవయసు వాళ్ళు, ఆ బాధ్యత లేనివాళ్ళతో పోలిస్తే, నాలుగేళ్ళలో చనిపోయే ప్రమాదం 63 శాతం ఎక్కువని అందులో తేలింది. అది నిర్లక్ష్యం కాదండీ, ఒక మనిషి ఇద్దరి బతుకు మోస్తే జరిగేది అదే. ఇంకో విషయం, పేగులో చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండ) క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళ దాకా పడుతుంది. అంటే ఆవిడ జబ్బు పడడానికి చాలా ముందే ఇది మీలో మొదలై ఉంటుంది. ఆవిడను చూసుకోవడం వల్ల మీకు క్యాన్సర్ రాలేదు. ఈ మాట మీ అమ్మాయికి కూడా చెప్పాల్సి రావచ్చు, ఎందుకంటే తను "నాన్నను ఒక్కణ్ణే వదిలేశాను" అని తనను తాను తిట్టుకుంటుంది.

అమ్మాయికి చెప్పండి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. తల్లిని పోగొట్టుకుని ఏడు నెలలైన పిల్లకు ఈ వార్త చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా కొడుక్కి నేను రెండు వారాలు చెప్పలేదు. వాడికి వేరే ఎవరి ద్వారానో తెలిసింది. జబ్బు గురించి కన్నా, నేను చెప్పలేదన్నదానికే వాడు ఎక్కువ ఏడ్చాడు. ఇప్పటికీ ఫోన్‌లో నా గొంతు కాస్త తేడాగా ఉంటే "అమ్మా, నిజం చెప్పు" అంటాడు. ఆ అనుమానం నేను నాటిందే.

పైగా ఇది తన ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం. తండ్రికి పెద్దపేగు క్యాన్సర్ వస్తే పిల్లలు సాధారణంగా 40వ ఏట నుంచి, లేదా తండ్రికి జబ్బు తేలిన వయసుకు పదేళ్ళ ముందు నుంచి, రెండింటిలో ఏది ముందైతే అప్పటి నుంచి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలంటారు. తల్లికి ప్యాంక్రియాస్ క్యాన్సర్ వచ్చింది కాబట్టి ఆ వైపు నుంచి కూడా జన్యు పరీక్ష గురించి అడగాలి. మీ గడ్డ మీద ఎంఎంఆర్ పరీక్ష (కణాల్లో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ప్రోటీన్లు ఉన్నాయో లేవో చూసేది) చేశారా అని ఆంకాలజిస్ట్‌ని అడగండి. వంశంలో వచ్చే రకమేమో అనుమానించడానికి అది మొదటి మెట్టు, మీ చికిత్స ఎంపిక కూడా దాన్ని బట్టి మారవచ్చు. ఇవన్నీ తనకు చెప్పకుండా ఎలా జరుగుతాయి?

ఎలా చెప్పాలంటే, పెద్ద ఉపోద్ఘాతం వద్దు. "అమ్మా, నాకు పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేశారు. మీ అమ్మకు వచ్చినట్టు పాకిపోయింది కాదు. తిరిగి రాకుండా కొన్ని నెలలు కీమో తీసుకోమన్నారు. నాకు భయంగా ఉంది, నువ్వు డాక్టర్ దగ్గరకు నాతో రావాలి." అంతే. "ఏం కాదులే" అని మాత్రం అనకండి. వాళ్ళమ్మ విషయంలో ఆ మాట వినే ఉంటుంది. తను ఏడిస్తే ఏడవనివ్వండి. మీకు కన్నీళ్ళొస్తే రానివ్వండి. వెంటనే తనను ఓదార్చే పనిలో పడకండి. చూసుకోవడం అలవాటైన మనం అక్కడే జారిపోతాం, మన జబ్బు చెప్పడానికి కూర్చుని ఎదుటివాళ్ళకు మంచినీళ్ళు తెచ్చిస్తాం.

"నేను ఆమెకు చేసినట్టు నాకు చేసేదెవరు" అన్న ప్రశ్నకు నా జవాబు మీకు వింతగా అనిపించవచ్చు. అలా ఎవరూ చేయనక్కర్లేదు. మీరు మనసులో పెట్టుకున్న చాకిరీ, నడవలేని మనిషికి చివరి నెలల్లో చేసిన చాకిరీ. మీకు ఇప్పుడు కావల్సింది అది కాదు. మాత్రలతో కలిపి ఇచ్చే పద్ధతైతే మూడు వారాలకోసారి డ్రిప్, అదే రోజు ఇంటికి. ఎక్కువమంది తమ స్నానం తాము చేస్తారు, నాలుగు అడుగులు నడుస్తారు. అలసట ఉంటుంది, ఆ అలసటకు కూడా రోజూ కాస్త నడవడమే మేలు చేస్తుందని తేలింది. కాబట్టి మనుషులు కావాలి గానీ, ఒక్క మనిషి తన బతుకంతా ఇవ్వాల్సిన పని లేదు. డ్రిప్ రోజున తీసుకెళ్ళి తీసుకొచ్చేవారొకరు. రాత్రి ఫోన్ ఎత్తేవారొకరు. డాక్టర్ గదిలో మీ పక్కన కూర్చుని రాసుకునేవారొకరు, అది మీ అమ్మాయి అయితే బాగుంటుంది. "ఏమైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్ళను ఊరికే వదలకండి. "ఫలానా తేదీన ఉదయం ఎనిమిదికి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తావా" అని అడగండి. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, ఏం చేయాలో తెలిసిందని.

తీసుకోవడం నేర్చుకోవాలి, ఇది నిజంగా కష్టం. నా రెండో సైకిల్‌లో పక్క మంచం మీద పెద్దాయన డ్రిప్ అయిపోవస్తోందని నా స్టాండు తోసుకుంటూ లేచి వెళ్ళాను. డ్యూటీలో ఉన్న అమ్మాయి, మా కూతురి వయసు కూడా ఉండదు, వచ్చి నా భుజం పట్టుకుని "అమ్మా, ఈరోజు మీది ఈ మంచం" అని కూర్చోబెట్టింది. నాకు కోపం వచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. మావారు పోయాక నన్ను ఎవరూ భుజం పట్టుకుని కూర్చోబెట్టలేదు. ఆ రోజు ఆమె తెచ్చిన దుప్పటి కప్పుకుని, మందు అయ్యేదాకా కళ్ళు మూసుకుని పడుకున్నాను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను, కాగితం మీద రాసి మంచం దగ్గర అతికించుకోండి. కీమో నడుస్తున్నన్నాళ్ళూ జ్వరం 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 చేరితే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి వెళ్ళాలి. తెల్ల రక్తకణాలు తగ్గి ఉన్నప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లో ముదిరిపోతుంది. మందు ఎక్కించాక రెండో వారం అటూ ఇటూగా ఇంకా జాగ్రత్త. జ్వరం చూసుకోకుండా పారాసిటమాల్ వేసుకోకండి, అది జ్వరాన్ని దాచేస్తుంది. రోజుకు నాలుగైదు సార్లకు మించి విరేచనాలైనా, ఒక రోజంతా నీళ్ళు కూడా నిలవకుండా వాంతులైనా, మాత్రలు ఆపి ఫోన్ చేయండి. మీరు ఆవిడ కోసం అర్ధరాత్రి ఎన్నిసార్లు పరుగెత్తారో, మీ కోసం కూడా అన్నిసార్లు పరుగెత్తాలి. "పొద్దున చూద్దాంలే" అనేది మన జబ్బు, చూసుకునేవాళ్ళ జబ్బు.

కొత్త ఫైలు ఒకటి కొనండి, వేరే రంగుది. ఆవిడ ఫైలు బీరువాలో పైన పెట్టండి, పారేయనక్కర్లేదు. అమ్మాయి జన్యు పరీక్షకు అందులోని బయాప్సీ కాగితం అవసరం పడుతుంది. మీ ఫైలులో మొదటి పేజీ మీద ఇప్పుడు రాసుకోవాల్సినవి: టీ, ఎన్ ఎంత, మూడు నెలలా ఆరు నెలలా, డీపీడీ, ఎంఎంఆర్, రాత్రి పూట ఫోన్ నంబర్, నిద్ర సంగతి, ఆ నిశ్చింత సంగతి. ఆఖరి రెండూ కూడా చదివి వినిపించండి, గొంతు వణికినా సరే. మీకు వణికితే అమ్మాయి చదువుతుంది.

అమ్మాయికి ఎప్పుడు ఫోన్ చేస్తున్నారో నాకు రాయండి. మొదటి డ్రిప్ అయిన ఐదో రోజున, వేళ్ళలో ఆ జివ్వుమనడం తగ్గిందో లేదో కూడా రాయండి.